పేరు పెట్టి పిలిచినను పలుకని బిడ్డలు

అంగన్‌వాడీ కేంద్రములో రెండున్నర యేండ్ల పిల్లవాడొకడు మూలను కూర్చుండి గిన్నె మూతను అదే పనిగా గుండ్రముగా త్రిప్పుచుండును. కార్యకర్త పిలిచినను తల త్రిప్పడు. తోటిపిల్లలతో ఆడడు. కావలసిన వస్తువును వ్రేలితో చూపడు. పెద్దల చేయి పట్టి అచ్చటికి లాగికొనిపోవును. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవమునకు విజయనగరము తీసికొనిపోయినచో డప్పుల మ్రోతకు చెవులు మూసికొని గుక్కపట్టి ఏడ్చును. ఇంటిలోని మామ్మ, “వీని తండ్రికి నాలుగేండ్లకు గాని మాటలు రాలేదు, తొందరేమి?” అనును. ప్రేమతో అన్న మాటయే. కాని దానివలన విలువైన కాలము గడచిపోవుచున్నది.

ఇట్టి లక్షణములు కలిసి కనిపించినప్పుడు అది ఆటిజం కావచ్చును. ఇది మెదడు ఎదుగుదలలోని భేదము. 1943లో అమెరికాలో లియో కానర్ అను వైద్యుడు పదునొకండుగురు పిల్లలను పరిశీలించి దీనిని వివరించెను. తల్లి ప్రేమ చాలకనే బిడ్డ ఇట్లగునని కొంతకాలము వైద్యులే తలచిరి. అది తప్పని తేలినది. గ్రహణమునకు గాని, టీకాలకు గాని, తల్లి కూలికి పోవుటకు గాని దీనితో సంబంధము లేదు. కోడలిని నిందించు ఇంటికి పంచాయతి సభ్యురాలు ఒకసారి వెళ్లి ఈ సంగతి చెప్పుట గొప్ప సహాయము.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 నాటి అంచనాను బట్టి 127 మందిలో ఒకరికి ఆటిజం ఉండును. ఈ లెక్కన నాలుగు వేల జనాభా గల పంచాయతిలో పిన్నలు, పెద్దలు కలిసి ముప్పదిమంది ఉండవచ్చును. వారిలో మనమెరిగినవారు ఎందరు?

దీనిని మాన్పు మందు లేదు. మాన్పెదమని వేలకు వేలు అడుగువారిని నమ్మరాదు. అయితే మూడేండ్ల లోపుననే శిక్షణ ప్రారంభించినచో మాట, ఆట, సొంత పనులు చేసికొనుట చాలవరకు అలవడును. మొదట వినికిడి పరీక్ష చేయింపవలెను. చెవుడైనను బిడ్డ పలుకడు గదా. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద సంచార వైద్య బృందము అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుమార్లు రావలెను. ఆ బృందము అనుమానించిన పిల్లలను జిల్లా సత్వర చికిత్సా కేంద్రమునకు పంపును.

ఇక్కడనే మన ప్రాంతపు చిక్కు ఉన్నది. హైదరాబాదు, చెన్నపట్నములకు కూలిపనులకై వలసపోవు కుటుంబములు పెక్కు. బృందము వచ్చిన నాడు బిడ్డ ఊరిలో లేకపోయిన, మరల ఆరు నెలలు ఆగవలసినదే. రెండేండ్ల బిడ్డకు ఆరు నెలలు స్వల్పము కాదు. కనుక పంచాయతి ఆ తేదీని ముందుగా తెలిసికొని దండోరా వేయింపవలెను. తప్పిపోయిన పిల్లల పేర్లు ఒక పుస్తకములో వ్రాసి యుంచవలెను.

ఇది దయాధర్మమని భావింపరాదు. 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణతో చేరిన పదునొకండవ షెడ్యూలులో, పంచాయతులకు అప్పగింపదగిన విషయములలో 26వది వికలాంగుల, మానసిక వికలాంగుల సంక్షేమముతో కూడిన సాంఘిక సంక్షేమము. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము 21 వైకల్యములలో ఆటిజంను చేర్చినది. వైకల్యము 40 శాతమునకు తగ్గని పిల్లలకు 6 నుండి 18 ఏండ్ల వరకు సమీప పాఠశాలలో ఉచిత విద్య హక్కు. మండల స్థాయిలోని భవిత కేంద్రములలో ప్రత్యేక ఉపాధ్యాయులుందురు. ధ్రువపత్రమునకై గ్రామ సచివాలయములో నమోదు చేసికొనవలెను. అర్హులైన దివ్యాంగులకు రాష్ట్ర పింఛను 2024 జూలై నుండి నెలకు రూ. 6,000 అయినది. 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టము క్రింద నడచు నిరామయ బీమా ఏడాదికి లక్ష రూపాయల వరకు వైద్యము, శిక్షణల ఖర్చును భరించును. దీనిని ఎరిగినవారు మన పల్లెలలో అరుదు.

పంచాయతి, అంగన్‌వాడీ కార్యకర్తను, ఆశా కార్యకర్తను, ఏ.ఎన్.ఎం.ను ఒకచోట కూర్చుండబెట్టి, ఏడాదిన్నర దాటియు పిలిచిన పలుకని పిల్లల పేర్లు వ్రాయింపవలెను. వలసపోయినవారు సంక్రాంతికి ఊరు చేరుదురు గనుక ఆ సమావేశము పండుగ దినములలో జరుపుట మేలు.