ఇనుము పడని యంత్రం

భిలాయి టౌన్‌షిప్‌లో ఏ సెక్టారు మైదానంలోనైనా నిలబడి, అయస్కాంత క్షేత్రాన్ని చూపే యాప్‌ను ఫోనులో తెరిస్తే అంకె 45 మైక్రోటెస్లాల చుట్టుపక్కల తారట్లాడుతుంది. అది భూమి సొంత క్షేత్రం. అదే ఫోనును లెవెల్ క్రాసింగ్ దాకా తీసుకెళ్లి రైలు పట్టా పక్కన పెడితే మాత్రం ఆ అంకెకు పట్టపగ్గాలుండవు. ఒకచోట పైకి ఎగబాకుతుంది, జానెడు జరిపితే జారిపోతుంది. పట్టా మన ప్లాంటులో చేసిందే కావచ్చు. ఫోనులోని ఆ చిన్న చిప్పు మాగ్నెటోమీటరు వంశంలో చివరి తరం. ఆ వంశానికి మొదటినుంచీ ఇనుము పడదు.

ఇలాంటి యంత్రానికి భిలాయి కంటే పనికిరాని ఊరు దొరకడం కష్టం. ఇక్కడ ఉక్కు కర్మాగారం కట్టడానికి 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ చేతుల మీదుగా మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ మొదలైంది. విజయనగరం, శ్రీకాకుళం వైపు నుంచి రాయపూర్ రైలెక్కి ఇక్కడికొచ్చి స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకు అన్నం పెట్టింది ఇనుమే. అయినా ఈ యంత్రం కథ మనకు తెలిసి ఉండాలి. సూర్యుడి నుంచి తుపాను వచ్చిపడితే ఆ అలజడిని భూమ్మీద కొలిచి చెప్పేది ఇదే. ఆ తుపాను దెబ్బ తగిలేది కరెంటు తీగలకు, ట్రాన్స్‌ఫార్మర్లకు, రైలు సిగ్నళ్లకు. అంటే మన ఊరు బతికేది వేటి మీదో సరిగ్గా వాటికే.

మాగ్నెటోమీటరు మొదటి రూపంలో పెద్ద హంగేమీ లేదు. గట్టి పట్టుదారానికి ఒక అయస్కాంతపు కడ్డీని అడ్డంగా వేలాడదీస్తారు. దానికి ఒక చిన్న అద్దం అమర్చి, దూరంగా టెలిస్కోపు, స్కేలు పెడతారు. కడ్డీ వెంట్రుకవాసి తిరిగినా అద్దంలో కనిపించే స్కేలు గీతలు జరుగుతాయి. జర్మనీలోని గోటింగెన్‌లో గణితవేత్త గౌస్, భౌతికవేత్త వెబర్ కలిసి 1830లలో ఈ పద్ధతిని పదును పెట్టారు. 1833లో అక్కడ కట్టిన పరిశీలనశాలలో ఇనుప మేకు ఒక్కటి కూడా కొట్టలేదు, ఇనుముండాల్సిన చోట రాగి వాడారు. ఈ యంత్రం ఎక్కడికెళ్లినా అడిగే మొదటి షరతు అదే.

ఈస్టిండియా కంపెనీకి ఓడలు నడపాలి, ఓడలకు దిక్సూచి కావాలి. అందుకే 1840లలో మద్రాసు, సిమ్లా, సింగపూర్, బొంబాయిలలో అయస్కాంత పరిశీలనశాలలు వెలిశాయి. బొంబాయిది కొలాబాలో ఉండేది. అక్కడి సిబ్బంది గంటగంటకూ టెలిస్కోపులో కన్ను పెట్టి, గీత చూసి, రిజిస్టరులో రాసేవారు. సూది అలజడిగా ఉన్నప్పుడు ఇంకా తరచుగా రాసేవారు. విసుగు పుట్టించే ఉద్యోగమే అయినా తర్వాత ప్రపంచానికి అంతగా అక్కరకొచ్చిన గుమాస్తాపని ఇంకొకటి నాకు తెలియదు.

అదే కాలంలో సూర్యుడి లెక్క వేరే దారిన సాగుతోంది. జర్మనీలో దెస్సావు అనే ఊళ్లో హైన్రిష్ ష్వాబె అనే మందుల వ్యాపారి బుధుడికి లోపలివైపు ఇంకో గ్రహం ఉందేమోనన్న ఆశతో 1826 నుంచి సూర్యుడి మచ్చలను రోజూ లెక్కపెట్టాడు. గ్రహం దొరకలేదు. మచ్చలు మాత్రం సుమారు పదేళ్లకోసారి పెరిగి తగ్గుతున్నాయని 1843లో బయటపెట్టాడు. ఖగోళవేత్త రుడాల్ఫ్ వోల్ఫ్ పాత రికార్డులన్నీ తిరగేసి ఆ లెక్కను పదకొండేళ్లుగా సరిచేశాడు. 1852లో బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు ఎడ్వర్డ్ సబైన్ ఈ మచ్చల లెక్కనూ పరిశీలనశాలల సూదుల లెక్కనూ పక్కపక్కన పెట్టి చూశాడు. మచ్చలు పెరిగిన ఏళ్లలోనే అయస్కాంతపు సూదులూ ఎక్కువగా అల్లాడాయి. పదిహేను కోట్ల కిలోమీటర్ల దూరంలోని మచ్చలకూ పట్టుదారానికి వేలాడే కడ్డీకీ సంబంధం ఏమిటో ఎవరికీ పాలుపోలేదు.

జవాబు 1859 సెప్టెంబరు 1న కళ్లముందుకొచ్చింది. లండన్ దగ్గర రెడ్‌హిల్‌లో ఖగోళవేత్త రిచర్డ్ కారింగ్టన్ మచ్చల బొమ్మ గీస్తుండగా, ఉదయం 11 గంటల 18 నిమిషాలకు ఒక మచ్చల గుంపు మీద రెండుచోట్ల తెల్లటి మెరుపు కనిపించింది. అయిదు నిమిషాల్లో మాయమైంది. మరో పరిశీలకుడు రిచర్డ్ హాడ్జ్‌సన్ కూడా విడిగా దాన్ని చూశాడు. చరిత్రలో మనిషి కంటపడిన మొదటి సౌరజ్వాల అది. మచ్చల దగ్గర మెలికలు పడిన అయస్కాంత క్షేత్రం తెగి మళ్లీ అతుక్కునేటప్పుడు ఇలాంటి జ్వాలలు పుడతాయి. సరిగ్గా ఆ సమయంలోనే లండన్ దగ్గరి క్యూ పరిశీలనశాల సూది చిన్నగా అదిరింది. జ్వాలలోని ఎక్స్ కిరణాలు కాంతితోపాటే ఎనిమిది నిమిషాల్లో భూమిని చేరి, పైవాతావరణంలోని విద్యుత్ పొరను మరింత వాహకంగా మారుస్తాయి. అక్కడ కరెంటు పెరిగితే కింద సూది కదులుతుంది. ఈ వివరణ మాత్రం తర్వాతి కాలానిది.

అసలు దెబ్బ పదిహేడున్నర గంటల తర్వాత పడింది. జ్వాలతోపాటు సూర్యుడు విసిరిన అయస్కాంతపు మేఘం సెప్టెంబరు 2న భూమిని తాకింది. క్యూలో సూది కదలికను ఫోటో కాగితమే రాసుకునేది. సూది ఎంత ఊగిందంటే గీత కాగితం దాటిపోయింది. ఆధునిక యంత్రం చేతులెత్తేసిన ఆ వేళ కొలాబాలో కన్ను, కలం, రిజిస్టరు నిలబడ్డాయి. భూమి అయస్కాంత క్షేత్రపు క్షితిజ సమాంతర భాగం అక్కడ సుమారు 1600 నానోటెస్లాలు (నానోటెస్లా అంటే మైక్రోటెస్లాలో వెయ్యో వంతు) పడిపోయింది. మొత్తంలో అది దాదాపు 4 శాతం. చూడ్డానికి చిన్న అంకెలా ఉన్నా, 1989లో కెనడాలోని క్వెబెక్‌ను చీకట్లో ముంచిన తుపాను ప్రపంచ సగటు లెక్కలో 589 దగ్గర ఆగింది. ఒక ఊరి కొలతనూ ప్రపంచ సగటునూ ఒకే త్రాసులో తూచకూడదు, నిజమే. ఆ 1600లో ఏ విద్యుత్ ప్రవాహం వాటా ఎంత అన్న వాదన శాస్త్రజ్ఞుల మధ్య ఇంకా తెగలేదు కూడా. 2003లో బ్రూస్ సురుతాని, వాల్టర్ గొంజాలెజ్, ముంబయి భూ అయస్కాంత సంస్థకు చెందిన గుర్బక్ష్ లఖీనా, శోభనా అలెక్స్ కలిసి ఆ పాత కొలతలను విశ్లేషించి వ్యాసం రాసేదాకా వాటి విలువ లోకానికి తెలియలేదు.

కొలాబా సూదికి సూర్యుడి నుంచి రాని ఆపద బొంబాయి నుంచే వచ్చింది. గుర్రాలు లాగే ట్రాములను కరెంటు ట్రాములుగా మార్చాలని నగరం నిర్ణయించింది. ట్రాము తీగలోనూ పట్టాల్లోనూ పారే కరెంటు చుట్టూ అయస్కాంత క్షేత్రం ఉంటుంది. అది పక్కనుంటే సూర్యుడి గుసగుస వినిపించదు. పరిశీలనశాలకు తొలి భారతీయ డైరెక్టరైన నానాభాయ్ మూస్ సముద్రం అవతలి అలీబాగ్‌ను ఎంచుకున్నాడు. అయస్కాంతానికి స్పందించని పోర్‌బందర్ రాయితో గది కట్టించాడు. 1904లో అక్కడ కొలతలు మొదలుపెట్టి, 1906 దాకా రెండుచోట్లా ఒకేసారి నడిపించాడు. పాత ఊరి అంకెలు, కొత్త ఊరి అంకెలు ఒకదానితో ఒకటి సరిపోల్చుకోవడానికి ఆ జాగ్రత్త. 1907లో కరెంటు ట్రాములు తిరగడం మొదలయ్యేసరికి సూది వెళ్లిపోయింది. ఆ రెండేళ్ల ఓపిక లేకపోతే 1840ల నుంచి ఇప్పటిదాకా సాగే గొలుసు మధ్యలోనే తెగేది.

హైదరాబాద్‌లో ఇదే కథ మళ్లీ జరిగింది. 1961లో పుట్టిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్ఐ) 1964లో తన ఆవరణలో అయస్కాంత పరిశీలనశాల పెట్టింది. సూర్యుడు నిద్రావస్థలో ఉన్నప్పుడు ప్రపంచమంతా కలిసి కొలుద్దామనుకున్న ఏడాది అది. అప్పట్లో ఆ ఆవరణ ఊరి చివర. ఇప్పుడు ఎన్‌జీఆర్ఐ పేరుతో నాగోలు లైనులో ఏకంగా మెట్రో స్టేషన్ ఉంది. నగరం గొడవకు దూరంగా, విజయవాడ రోడ్డు మీది చౌటుప్పల్ క్యాంపస్‌లో సంస్థ ఇంకో పరిశీలనశాల కట్టుకుంది. భిలాయికి దగ్గరలో ఉన్నది నాగపూర్ సూది. విశాఖలోనూ ఒకటుంది. రెండూ భూ అయస్కాంత సంస్థవే.

ఈలోగా యంత్రం తనలోనూ మారింది. 1930లలో వచ్చిన ఫ్లక్స్‌గేట్ మాగ్నెటోమీటరులో దారమూ లేదు, వేలాడే కడ్డీ లేదు. సులువుగా అయస్కాంతమై, అంతే సులువుగా వదిలేసే నికెల్, ఇనుము మిశ్రమపు చిన్న ముక్క ఉంటుంది. ఇనుము పడని యంత్రం గుండెలో ఇనుమే! దాని చుట్టూ చుట్టిన తీగలో కరెంటును అటూ ఇటూ మారుస్తూ ఆ ముక్క ఇక పట్టలేనంతగా అయస్కాంతీకరిస్తారు. బయట క్షేత్రం లేకపోతే అటు ఎంతో ఇటూ అంతే. బయటి క్షేత్రం కాస్త ఉంటే ఒకవైపు ముందే నిండిపోతుంది. ఆ ఒంటివైపు మొగ్గు వల్ల రెండో తీగలో రెట్టింపు పౌనఃపున్యంతో ఒక సంకేతం పుడుతుంది. దాన్ని కొలిస్తే బయటి క్షేత్రం ఎంతో తేలిపోతుంది. రెండో ప్రపంచయుద్ధంలో జలాంతర్గాములను విమానాల నుంచి వెతికిన యంత్రాల్లోనూ ఉన్నది ఈ సూత్రమే.

ఇప్పుడు 1989 మార్చి 13 తెల్లవారుజామున కెనడాలోని క్వెబెక్ రాష్ట్రానికి వెళ్దాం. అయస్కాంత తుపానుకు భూమి క్షేత్రం వేగంగా మారుతుంటే నేలలో వోల్టేజీ పుడుతుంది. వందల కిలోమీటర్ల హైటెన్షన్ లైను రెండు చివరలా ట్రాన్స్‌ఫార్మర్ల ద్వారా భూమికి కలిసి ఉంటుంది కాబట్టి, ఆ వోల్టేజీకి లైనులోంచి కరెంటు పారుతుంది. సూర్యుడి పుణ్యమా అని వచ్చిన ఈ కరెంటు ఏసీలా దిశ మారదు, డీసీలా నెమ్మదిగా పారుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ లోపల ఉన్నది సిలికాన్ ఉక్కు. అది ఒకవైపు నిండిపోతుంది. రెట్టింపు పౌనఃపున్యపు సంకేతాలు, వాటి వెంట మరికొన్ని గ్రిడ్‌లోకి ఎగదన్నుకొస్తాయి. ఫ్లక్స్‌గేట్ చేతివేలంత ముక్కతో కావాలని చేసే పనినే ట్రాన్స్‌ఫార్మర్ వందల టన్నుల బరువుతో వద్దన్నా చేస్తుంది. ఆ చెత్త సంకేతాలకు రక్షణ పరికరాలు ఒకదాని వెంట ఒకటి ట్రిప్ అయ్యాయి. ఒకటిన్నర నిమిషంలో రాష్ట్రం మొత్తం కుప్పకూలింది. అరవై లక్షల మంది తొమ్మిది గంటలపాటు చీకట్లో ఉన్నారు.

పట్టాల సంగతి వేరుగా చెప్పాలి, ఈ ఊళ్లో చెప్పకపోతే తప్పు. 1982 జులైలో స్వీడన్‌లో ఒక అయస్కాంత తుపాను వేళ, రైలు లేని లైనులో సిగ్నళ్లు ఎర్రగా మారాయి. ట్రాక్ సర్క్యూట్ అంటే పట్టాల్లో నడిపే చిన్న కరెంటు. రైలు చక్రాలు రెండు పట్టాలనూ కలిపేస్తే ఆ కరెంటు రిలేకు అందదు, సిగ్నల్ ఎర్రబడుతుంది. నేలలోంచి వచ్చిన అక్రమ కరెంటు ఆ రిలేను మోసగించింది. ఎర్రకు బదులు పచ్చ వెలిగి ఉంటే ఏమయ్యేదో సిగ్నల్ విభాగం వాళ్లనడగండి. భిలాయి నుంచి 260 మీటర్ల పొడవైన పట్టాలు దేశమంతా వెళ్తున్నాయి. మనం భూమధ్యరేఖకు దగ్గర కాబట్టి నేలలో పుట్టే వోల్టేజీ స్వీడన్ కన్నా చాలా తక్కువ. కానీ మనకేమీ కాదన్న ధీమాకు కొలాబా రిజిస్టరే అడ్డం. పైగా 1859లో మనకు 765 కిలోవోల్టుల లైన్లు లేవు.

2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ సీ57 మీద, సూర్యుడిని గమనించే ఇస్రో ఉపగ్రహం ఆదిత్య ఎల్1 బయల్దేరింది. 2024 జనవరి 6న భూమికి పదిహేను లక్షల కిలోమీటర్ల దూరంలో, సూర్యుడివైపు, తన కక్ష్యలో కుదురుకుంది. అందులో ఏడు పరికరాలున్నాయి. సూర్యుడి బయటి వాతావరణమైన కరోనాను చూసే వీఈఎల్‌సీ, జ్వాలల ఎక్స్ కిరణాలను కొలిచే సోలెక్స్, హీలియోస్ పేర్లు పత్రికల్లో బాగానే వచ్చాయి. నా దృష్టిలో ఉన్నది మాత్రం బెంగళూరులోని ఇస్రో ప్రయోగశాల లియోస్ తయారుచేసిన మాగ్నెటోమీటరు. ఉపగ్రహం బాడీలోని మోటార్లు, తీగలు, బ్యాటరీలు దానికి పడవు. కాబట్టి ఆరు మీటర్ల కార్బన్ ఫైబర్ చేతిని మడిచి తీసుకెళ్లారు. జనవరి 11న దాన్ని చాపితే తొమ్మిది సెకన్లలో తెరుచుకుంది. మూడు మీటర్ల దగ్గర ఒక ఫ్లక్స్‌గేట్, కొసన ఇంకొకటి. ఉపగ్రహం సొంత క్షేత్రం దగ్గరి దానికి ఎక్కువ తెలుస్తుంది, దూరపు దానికి తక్కువ. తేడా తీసేస్తే మిగిలేది సూర్యుడిది.

అంత దూరం ఎందుకంటే, టెలిస్కోపులకు తెలియనిది ఒకటుంది. సూర్యుడు మేఘం విసిరాడని కెమెరా చెబుతుంది. అందులోని అయస్కాంత క్షేత్రం ఉత్తరంవైపు ఉందా దక్షిణంవైపు ఉందా అన్నది మేఘం మధ్యలో సూదిని ఉంచితేనే తెలుస్తుంది. దక్షిణంవైపు ఉంటే అది భూమి క్షేత్రంతో ముడిపడి శక్తిని లోపలికి పోస్తుంది. ఉత్తరంవైపైతే చాలావరకు పక్కనుంచి జారుకుంటుంది. ఆదిత్య ఉన్న ఎల్1 బిందువు దగ్గర సూది చెప్పాక మనకు దొరికే వ్యవధి గంట, మేఘం వేగంగా వస్తే అరగంట. 1997లో ప్రయోగించిన నాసా వారి ఉపగ్రహం ఏస్ అక్కడ ఏళ్ల తరబడి ఈ పని చేస్తూ వచ్చింది. ఆదిత్య కొత్తగా కనిపెట్టిందని డప్పు కొట్టనక్కర్లేదు. ఇన్నాళ్లూ ఎదుటివాళ్ల సూది మీద ఆధారపడ్డ మనకు సొంతది ఒకటి ఉంది, అంతే.

దానికి మొదటి పెద్ద పరీక్ష వెంటనే వచ్చింది. 2024 మే 10, 11 తేదీల్లో ఒకే మచ్చల గుంపు నుంచి వరుసగా వచ్చిన మేఘాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి, 2003 తర్వాత అంత తీవ్రమైన తుపాను తెచ్చాయి. లడఖ్‌లోని హాన్లేలో ఆకాశం ఎర్రబడింది. అమెరికాలో జీపీఎస్‌తో నడిచే ట్రాక్టర్లు విత్తనాలు వేసే సీజనులో దారి తప్పాయి. సగటు లెక్కలో పతనం 400 నానోటెస్లాల చిల్లర. త్రాసుల తేడాను పక్కన పెడితే, కొలాబా అంకెలో నాలుగో వంతు.

మచ్చలు పెరిగి తగ్గే పదకొండేళ్ల చక్రాల్లో ఇప్పుడు నడుస్తున్న 25వ చక్రం శిఖరం 2024 అక్టోబరుకు వచ్చిందని తేల్చారు. శిఖరం దాటింది కాబట్టి ఊపిరి పీల్చుకోవచ్చనుకునేవాళ్లకు పాత లెక్క ఒకటుంది: 23వ చక్రంలో అన్నిటికన్నా తీవ్రమైన తుపాను 2003 నవంబరు 20న వచ్చింది, ఆ చక్రం శిఖరం దాటిన రెండేళ్లకు.