అడ్మిన్ పాస్‌వర్డ్ లేకపోతే అప్‌డేట్లు రావా?

మా ఊళ్లో ఒక ట్యాక్స్ కన్సల్టెంట్ ఆఫీసులో ఎనిమిది కంప్యూటర్లు నేనే చూసుకుంటాను. పోయిన నెల వెళ్లేసరికి మూడో టేబుల్ మీది మానిటర్ అంచున చిన్న పసుపు కాగితం అతికించి ఉంది. దాని మీద నీలం సిరాతో అడ్మిన్ పాస్‌వర్డ్!

"అప్‌డేట్ అడిగినప్పుడల్లా మీకు ఫోన్ చేయలేక మా సారే రాసిచ్చారండీ" అంది అక్కడ కూర్చునే అమ్మాయి. ఆమె తప్పేమీ లేదు. అడ్మిన్ హక్కులు లేని కంప్యూటర్ పాతబడిపోతుందని ఆఫీసుల్లో పాతుకుపోయిన భయం వల్లే ఆ కాగితం అక్కడికి చేరింది.

అపోహ: మామూలు యూజర్‌కి విండోస్ అప్‌డేట్లు రావు.

వస్తాయి. అప్‌డేట్లను దించేదీ ఎక్కించేదీ కుర్చీలో కూర్చున్న మనిషి కాదు, తెర వెనక సిస్టమ్ ఖాతా కింద నడిచే సర్వీస్. లాగిన్ అయింది యజమానా, నిన్న చేరిన గుమాస్తానా అన్నది దానికి పట్టదు. మైక్రోసాఫ్ట్ 2003 అక్టోబర్ నుంచి ప్రతి నెలా రెండో మంగళవారం భద్రతా అప్‌డేట్లు విడుదల చేస్తోంది. మనకు అప్పటికి రాత్రి పది దాటుతుంది. బుధవారం ఆఫీసు తెరిచాక అవి వాటంతటవే దిగుతాయి.

మిగిలేది రీస్టార్ట్ ఒక్కటే. స్టార్ట్ మెనూలో పవర్ గుర్తు పక్కన చిన్న నారింజ చుక్క కనిపిస్తే అర్థం అదే. దాన్ని నొక్కడానికి ఏ పాస్‌వర్డూ అక్కర్లేదు. రోజూ షట్‌డౌన్ చేస్తూనే ఉన్నాం కదా అంటారు చాలామంది. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే మామూలు షట్‌డౌన్‌తో విండోస్ కెర్నెల్ పూర్తిగా ఆగిపోదు. తన స్థితిని డిస్కులో దాచుకుని, మర్నాడు అక్కడి నుంచే లేస్తుంది. అందుకే 'అప్‌డేట్ అండ్ రీస్టార్ట్' అని కనిపిస్తే దాన్నే నొక్కాలి.

అపోహ: బ్రౌజర్లకైనా అడ్మిన్ కావాలి.

వాటికీ అక్కర్లేదు. ఫైర్‌ఫాక్స్ 2012లో 12వ వెర్షన్‌తో ఇందుకోసమే ఒక సర్వీస్ తెచ్చింది. క్రోమ్‌కీ సొంత అప్‌డేటర్ ఉంది. కొన్ని ప్రోగ్రాములైతే ఏకంగా యూజర్ సొంత ఫోల్డర్లోనే ఎక్కుతాయి, ఆ ఫోల్డర్ మీద ఆ యూజర్‌కి హక్కు ఉంటుంది కాబట్టి పాస్‌వర్డ్ ప్రశ్నే రాదు. కానీ ఇక్కడే ఒక చిక్కు. అలా ఎక్కిన ప్రోగ్రాము ఒక్కో యూజర్‌కీ ఒక్కో ప్రతి. ఉద్యోగం మానేసి వెళ్లినవాళ్ల ఖాతాలో ఉన్న ప్రతి మళ్లీ అప్‌డేట్ కాదు, పాత లోపాలతో అలాగే పడి ఉంటుంది. మనిషి వెళ్లిపోతే ఖాతా కూడా తీసేయాలి.

అపోహ: పాస్‌వర్డ్ అందరికీ ఇచ్చేస్తే గొడవ వదిలిపోతుంది.

నాకు అన్నిటికంటే భయం దీంతోనే. "అసలు ఏది అడుగుతోందో చూపించమ్మా" అన్నాను. డిజిటల్ సంతకానికి వాడే ఒక చిన్న ప్రోగ్రాము. అలా పాస్‌వర్డ్ అడిగేవి నిజంగానే ఉన్నాయి, కాదనను. ఫైళ్లను కుదించే విన్‌రార్‌కైతే తనంతట తాను అప్‌డేట్ అయ్యే ఏర్పాటే లేదు. 2023లో దానిలో ఒక లోపం బయటపడింది. జిప్ ఫైల్లో ఫొటో అనుకుని నొక్కితే దొంగ స్క్రిప్ట్ నడిచేది. ఆగస్టులో వచ్చిన 6.23 వెర్షన్‌తో దాన్ని సరిచేశారు, కానీ ఎవరో ఒకరు పనిగట్టుకుని ఎక్కిస్తేనే అది కంప్యూటర్లోకి చేరుతుంది. ఆ పని కంప్యూటర్లు చూసుకునేవాడిది, రిటర్నులు వేసే అమ్మాయిది కాదు.

'మీ బ్రౌజర్ పాతబడింది, ఇక్కడ నొక్కండి' అంటూ వచ్చే దొంగ పేజీలు ఎన్నో. పాస్‌వర్డ్ ఎదురుగా ఉంటే చెయ్యి దానంతట అదే టైపు చేసేస్తుంది. ఇక ఆ కంప్యూటర్ మొత్తం దొంగల చేతుల్లోకి పోయినట్టే. మామూలు ఖాతా అన్నిటినీ ఆపలేదు, ఆ యూజర్ ఫైళ్లకు ముప్పు ఉంటూనే ఉంటుంది. అయినా నష్టం అక్కడితో ఆగే అవకాశం ఎక్కువ.

అపోహ: అప్‌డేట్లు ఆపేయడమే మేలు.

ఈ మాట అనేవాళ్లు 2024 జులై 19ని గుర్తుచేస్తారు. ఆ రోజు సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు కుప్పకూలాయి, శంషాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. నిజమే, కానీ అది విండోస్ అప్‌డేట్ కాదు. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్ సంస్థ పంపిన ఫైలు. 2017 కూడా గుర్తుంచుకోవాలి. విండోస్‌లోని ఒక లోపానికి మార్చి 14న మైక్రోసాఫ్ట్ మందు ఇచ్చింది, అదే లోపం గుండా మే 12న వానాక్రై అనే వైరస్ దాడి చేసింది. మధ్యలో 59 రోజులు. ఆ మందు వేసుకోని ఎన్నో కంప్యూటర్లకు ప్రపంచమంతటా తాళాలు పడిపోయాయి. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లూ కొన్ని దాని బారిన పడ్డాయి.

పని మధ్యలో రీస్టార్ట్ అవుతుందన్న బాధ నాకు అర్థమవుతుంది. యాక్టివ్ అవర్స్‌ను 18 గంటల వరకు పెట్టుకోవచ్చు, ఆ వేళల్లో దానంతట అది రీస్టార్ట్ కాదు. రెండో మంగళవారం 8 నుంచి 14 లోపు పడుతుంది, మా ఆఫీసు జీఎస్టీ హడావిడి 20న. మధ్యలో ఒక శనివారం తప్పకుండా వస్తుంది.

ఆ పసుపు కాగితం చూసిన రోజే పాస్‌వర్డ్ మార్చేశాను. గోడ మీది క్యాలెండర్లో ఆ శనివారాలన్నిటికీ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టాను. సాయంత్రం ఇంటికెళ్లే ముందు అందరూ రీస్టార్ట్ నొక్కి వెళ్లాలి. సంతకం ప్రోగ్రామూ విన్‌రారూ చూడటానికి ఆ రోజు నేనే వస్తాను.