గ్రాముల లెక్క, పద్నాలుగేళ్ల మెదడు

బొమ్మ చూసి అలాగే గీయమంటే పన్నెండేళ్ల పిల్లలకు అదేం పెద్ద పని కాదు. కానీ పుణె కేఈఎం ఆసుపత్రి డాక్టర్లు 1987-89లో రెండు కిలోల లోపు బరువుతో పుట్టిన పిల్లల్ని ఏళ్ల తరబడి గమనించి చూస్తే, పన్నెండో ఏట ఆ పనిలోనూ లెక్కల్లోనూ వాళ్లు తోటివాళ్ల కంటే వెనకబడ్డారు. సగటు ఐక్యూ కాస్త తగ్గినా మామూలు పరిధి దాటలేదు. నెలలూ నిండక, ఆ నెలలకు తగ్గ బరువూ లేక పుట్టినవాళ్లకే ఇబ్బంది ఎక్కువ.

రెండున్నర కిలోల లోపుంటే బరువు తక్కువ బిడ్డ కింద లెక్క. మన దేశంలో నూటికి 18 మంది అలాగే పుడుతున్నారని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. వీళ్లలో నెలలు నిండినా కడుపులో సరిగా ఎదగనివాళ్లు కొందరు, తొందరపడి పుట్టినవాళ్లు కొందరు. ఇద్దరినీ ఒకే గాట కట్టకూడదు.

తొందరపడినవాళ్లకు చిక్కంతా చివరి మూడు నెలలతోనే. ఆరో నెలలో దాదాపు నున్నగా ఉండే మెదడు ముడతలు పడేది అప్పుడే. నరాల తీగలకు మైలిన్ తొడుగు వేయాల్సిన కణాలు కూడా అప్పటికి లేతగా ఉంటాయి. ఆక్సిజన్ తగ్గినా, ఇన్ఫెక్షన్ సోకినా ముందు దెబ్బతినేవి అవే.

మరి పదేళ్లు గడిచాక ఆ సంగతి బయటపడడమేమిటి? కౌమారంలో మెదడు తనను తాను మళ్లీ సర్దుకుంటుంది. వాడని కలయికల్ని కత్తిరించి, దూరం వెళ్లే తీగలకు తొడుగు మందం చేస్తుంది. నుదుటి వెనక భాగంలో ఈ పని ఇరవై దాటినా సాగుతుంది. రెండో తరగతిలో ఎక్కాలు అప్పజెప్పి నెట్టుకొచ్చిన పిల్లవాడికి, నాలుగు మెట్లున్న లెక్క ఎదురయ్యేదీ ఆ వయసులోనే.

లండన్‌లో 33 వారాల లోపే పుట్టిన పిల్లలకు పద్నాలుగు, పదిహేనేళ్ల వయసులో ఎమ్మారై తీస్తే, సగానికి పైగా స్కాన్లలో తేడాలు కనిపించాయి. ఆ అధ్యయనం 1999లో అచ్చయింది. అయితే స్కాన్ ముందు పెట్టుకుని ఫలానా అమ్మాయి మార్కులు చెప్పగల డాక్టరు లేడు. ఇవన్నీ సగటు లెక్కలు.

మరి ఈ దెబ్బను తగ్గించగలమా అంటే, కొలంబియా రాజధాని బొగోటా కథ చూడాలి. 1978లో ఆ నగరంలో ఇంక్యుబేటర్లు చాలక డాక్టర్ ఎడ్గార్ రే పసికందుల్ని తల్లి రొమ్ముల మధ్య, ఒంటికి ఒళ్లు తగిలేలా నిలువుగా కట్టించాడు. మన సర్కారు దవాఖానాల్లోని కంగారూ మదర్ కేర్‌కు మూలం ఈ కొరతే! 1990లలో అక్కడే కొందరు బిడ్డల్ని కంగారూ పద్ధతిలో, కొందరిని మామూలు పద్ధతిలో, అంటే ఇంక్యుబేటర్‌లో పెంచి చూశారు. ఆ కంగారూ పిల్లల్లో కొందరికి కౌమారంలో తల మీద అయస్కాంత చుట్ట ఆనించి, చేతి కండరం ఎంతసేపటికి అదురుతుందో కొలిచారు. వాళ్ల మెదడు రెండు అర్ధగోళాల మధ్య కబురు నెలలు నిండి పుట్టినవాళ్లలో లాగే నడుస్తోంది. ఇంక్యుబేటర్‌లో పెరిగినవాళ్లలో అంత సాఫీగా లేదు. ఇరవై ఏళ్లకు చూస్తే, కంగారూ పిల్లల్లో దుడుకుతనం, బడి ఎగ్గొట్టడం తక్కువ. ఐక్యూలో మేలు మాత్రం పుట్టినప్పుడు అందరికంటే బలహీనంగా ఉన్నవాళ్లలోనే నిలిచింది.