ఐదు రూపాయల ఫీజు వెనక ఇంటి లెక్క

ఉత్తర చెన్నైలోని పెరంబూరులో రైలెక్కి బేసిన్ బ్రిడ్జి వైపు వస్తే మొదటి స్టేషను వ్యాసర్‌పాడి జీవా. ఆ వ్యాసర్‌పాడిలో డాక్టర్ తిరువేంగడం వీరరాఘవన్ 1973లో ప్రాక్టీసు పెట్టినప్పుడు ఫీజు 2 రూపాయలు. తరవాత 5 అయింది. 2020 ఆగస్టు 15న ఆయన కన్నుమూసేదాకా జనానికి ఆయన 'ఐదు రూపాయల డాక్టరే'. 47 ఏళ్లలో పెరిగింది 3 రూపాయలు. ధరలు అంతకు ఎన్నో రెట్లు పెరిగాయి కనుక, నిజానికి ఆ ఫీజు ఏటేటా తగ్గుతూ వచ్చిందన్నమాట.

తాను చదువుకు పెద్దగా ఖర్చు పెట్టలేదని, అందుకే రోగుల దగ్గర తీసుకోదలచుకోలేదని ఆయన చెప్పేవారు. స్టాన్లీ మెడికల్ కాలేజీ విద్యార్థి. మాట మంచిదే, కానీ ఇల్లు ఎలా గడిచింది?

లెక్క వేసి చూద్దాం. రోజుకు 100 మందిని చూసినా వచ్చేది 500 రూపాయలు. నెలకు 25 రోజులైతే 12,500. అందులోంచే అద్దె, కరెంటు బిల్లు, కాంపౌండరు జీతం ఇవ్వాలి. ఈ రాబడి మీద పిల్లల్ని చదివించడం ఎవరి తరం? ఆయన భార్య రైల్వే ఉద్యోగి. ఇంట్లో నెల తిరిగేసరికి ఒక జీతం వచ్చేది. పిల్లలిద్దరూ వైద్యమే చదివారు. ఉత్తర చెన్నైలోనే ఇంకో ఐదు రూపాయల డాక్టరు జయచంద్రన్. 2018లో పోయారు. ఆయన భార్యా డాక్టరే.

ఈ త్యాగంలో సగం ఆ ఇల్లాళ్లదని నా గట్టి నమ్మకం. 2017లో 'అదిరింది' పేరుతో తెలుగులోకి వచ్చిన విజయ్ సినిమాలో ఐదు రూపాయల డాక్టరు కనిపిస్తాడు గానీ, ఇంటి ఖర్చు ఎవరు మోశారన్నది కనిపించదు.

పైగా రోగికి ఫీజు ఒక్కటే ఖర్చు కాదు, మందుల బిల్లే ఎక్కువ. దేశం మొత్తం ఆరోగ్య వ్యయంలో జనం నేరుగా జేబులోంచి పెట్టింది 2013-14లో 64.2 శాతం, 2021-22లో 39.4 శాతం. తగ్గింది, చాలినంత తగ్గలేదు. తమిళనాడు 1994లో ప్రభుత్వాసుపత్రుల మందుల కొనుగోలుకు ప్రత్యేక సంస్థ పెట్టింది. ఆ ఏర్పాటు ఏ ఒక్కరి మంచితనం మీదా ఆధారపడదు.

హస్తవాసి గల డాక్టరును తలచుకోండి, తప్పులేదు. దాంతోపాటు మీ వార్డు ఆరోగ్య కేంద్రంలో డాక్టరు వస్తున్నారా, మందులు ఉన్నాయా కనుక్కోండి. లేకపోతే కౌన్సిలర్‌ని అడగండి.