మందు చేపకు... మొక్కకు కాదు!

పొద్దున్నే అక్వేరియం లైటు వేస్తాం. నిన్నటిదాకా మెరుపుతీగల్లా తిరిగిన నియాన్ టెట్రాల్లో ఒకటి రాయికేసి ఒళ్లు రుద్దుకుంటూ కనిపిస్తుంది. దగ్గరికెళ్లి చూస్తే తోకమీద ఉప్పురవ్వ చల్లినట్టు తెల్లటి చుక్కలు! సాయంత్రానికి ఇంకో రెండు చేపలకీ అంటుకుంటాయి. పిల్లల మొహాలు చిన్నబోతాయి. వెంటనే దుకాణానికి పరుగెత్తి ఏదో మందు సీసా తెచ్చి, 'నాలుగు చుక్కలే కదా' అని ట్యాంకులో వేసేస్తాం. మచ్చలైతే తగ్గుతాయి. కానీ వారం తిరిగేసరికి మొక్కల ఆకులు కుళ్లి కరిగిపోతాయి. రొయ్యలు వెల్లకిలా పడతాయి. నీళ్లు తెల్లబడతాయి. జబ్బు నుంచి బయటపడ్డ చేపలే గాలికోసం పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి.

తప్పు మందుది కాదు... అది వేసిన చోటుది!

ట్యాంకు కాదు, చిన్న చెరువు

జపాన్ ఫొటోగ్రాఫర్ తకాషి అమానో 1990ల్లో తన పుస్తకాలతో ప్రపంచానికి పరిచయం చేసిన పచ్చటి అక్వేరియాలు ఇప్పుడు మన ఇళ్లలోకీ వచ్చేశాయి. అందులో చేపలొక్కటే ఉండవు. మొక్కలు, నత్తలు, రొయ్యలు ఉంటాయి. వాటితోపాటు ఫిల్టర్‌లోనూ ఇసుకలోనూ కంటికి కనిపించని బ్యాక్టీరియా కాపురం ఉంటుంది. చేపల వ్యర్థాల నుంచి పుట్టే అమ్మోనియా విషాన్ని విరిచేది ఆ బ్యాక్టీరియానే. మందుకు మాత్రం పరాన్నజీవి ఏదో, పెంపుడుజీవి ఏదో తెలియదు. రాగి కలిసిన మందులు, అంటే మన మైలుతుత్తం జాతివి, రొయ్యల్నీ నత్తల్నీ బతకనివ్వవు. మొక్కల్నీ దెబ్బతీస్తాయి. మిథిలిన్ బ్లూ వేస్తే మేలుచేసే బ్యాక్టీరియా దెబ్బతింటుంది. అందుకే సీసామీద ఏం రాసుందో చదవకుండా మూత తీయకూడదు.

పిల్లలెక్కువ పేను

ఈ తెల్లమచ్చల జబ్బుని 'ఇక్' అంటారు. దీనికి కారణమైన ఏకకణజీవి పేరు ఇక్తియోఫ్తీరియస్ మల్టిఫిలిస్. 1876లో ఫూకే అనే శాస్త్రవేత్త పెట్టిన పేరది. అర్థం... చాలామంది పిల్లలున్న చేపపేను! ఆ పేరులోనే దాని గుట్టంతా ఉంది.

చేప చర్మం కింద దూరి, దాన్నే తిని బలిశాక ఈ జీవి కిందకి రాలిపోతుంది. ఇసుకకో ఆకుకో అంటుకుని చుట్టూ గూడు కట్టుకుంటుంది. ఆ గూట్లోనే వందల పిల్లలుగా విడిపోతుంది. అవి బయటికొచ్చి ఈదుకుంటూ కొత్త చేపను వెతుక్కుంటాయి. చర్మం కింద ఉన్నప్పుడు మందు దానికి తగలదు. గూట్లో ఉన్నప్పుడూ అంతే. ఈదేటప్పుడు మాత్రమే దొరుకుతుంది. కాబట్టి ఒళ్లుమీద మచ్చలు పోగానే జబ్బు నయమైందనుకోవద్దు. పిల్లలు పెట్టడానికి కిందకి దిగిందంతే!

అయితే దీనికో బలహీనత ఉంది. ఈదుతున్న పిల్లకు రెండురోజుల్లో చేప దొరక్కపోతే ఆకలితో చచ్చిపోతుంది. మొక్కలున్న ట్యాంకుకి అసలైన వైద్యం ఇదే.

తొట్టే ఆసుపత్రి

మచ్చలు కనిపించగానే చేపలన్నిటినీ, బాగున్నవాటిని కూడా, వేరే ప్లాస్టిక్ తొట్టెలోకి మార్చాలి. నీళ్లు పాత ట్యాంకువే పోయాలి. ఎయిర్‌పంపు తప్పనిసరి. చాలా చేపలకు లీటరుకు 2 నుంచి 3 గ్రాముల కల్లుప్పు సరిపోతుంది. అంటే 20 లీటర్ల తొట్టెకు 40 నుంచి 60 గ్రాములు. ఒకేసారి గుమ్మరించకుండా విడిగా కరిగించి, రోజంతా మూడు విడతలుగా పోయాలి. కోరిడోరాస్, లోచ్, టెట్రాల్లాంటి సున్నితమైనవాటికి సగమే చాలు.

హీటరుంటే వేడిని నెమ్మదిగా 29-30 డిగ్రీలకు తీసుకెళ్లొచ్చు. వేడినీళ్లలో ప్రాణవాయువు తక్కువ కాబట్టి గాలి ఎక్కువ వదలాలి. రోజూ పావువంతు నీళ్లు మార్చాలి. తీసిన నీళ్లకు సరిపడా ఉప్పే మళ్లీ కలపాలి. చివరి మచ్చ పోయాక కూడా ఇంకోవారం ఇలాగే కొనసాగించాలి.

మరి ట్యాంకు సంగతి? దానికేం చేయక్కర్లేదు. ఫిల్టర్ తిరుగుతూనే ఉండాలి. లైటు మామూలుగానే వేయాలి. బ్యాక్టీరియా ఆకలితో పోకుండా రెండురోజులకోసారి చిటికెడు మేత వేస్తే చాలు. మన వాతావరణంలో రెండువారాలు చేపల్లేకుండా ఉంచితే పరాన్నజీవి తనంతట తానే అంతరిస్తుంది. ఒక్క ఆకు వాడదు, ఒక్క రొయ్య చావదు! ఆ రెండువారాలూ ఖాళీ ట్యాంకు చూసి పిల్లలు గునిసినా సరే, ముందే ఒక్క చేపను కూడా వెనక్కి వదలొద్దు.

అన్నిటికీ ఉప్పే కాదు

చేప ఒకవైపు మొప్ప మూసి, రెండోవైపుతోనే ఊపిరి తీస్తుంటే మొప్పపురుగులని అనుమానించాలి. వీటికి ప్రాజిక్వాంటెల్ అనే మందు ఉంది. అది మొక్కల జోలికి పోదు. అయితే గుడ్లు పెట్టే రకాల్లో ఆ గుడ్లకు మందు పనిచేయదు. అవి పొదిగాక రెండోసారి వేయాల్సిందే.

గప్పీ మలద్వారం నుంచి ఎర్రటి దారాల్లా వేలాడేవి కమలానస్ పురుగులు. మేకలకు పురుగుమందుగా పట్టే లెవామిసోలే వీటికీ వాడతారు. అది పురుగుల్ని చంపడంకన్నా చచ్చుబడేలా చేస్తుంది. అందుకే మర్నాడు అడుగున పడ్డవాటిని పైపుతో లాగేయాలి. మోతాదు మాత్రం పశువైద్యుణ్ని అడిగి తీసుకోవడమే మేలు.

ఏ మందుకైనా ముందు నీళ్ల లెక్క తెలియాలి. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి వెయ్యితో భాగిస్తే లీటర్లు వస్తాయి. 60, 30, 36 సెంటీమీటర్ల ట్యాంకు లెక్కకు 65 లీటర్లు. ఇసుక, రాళ్లు ఆక్రమించిన చోటు, పైన వదిలిన ఖాళీ తీసేస్తే నిజంగా ఉండేది 55 దాకానే. చాలాసార్లు మోతాదు మించేది ఇక్కడే!

గుమ్మం దగ్గరే ఆపితే...

పరాన్నజీవి గాల్లోంచి ఊడిపడదు. కొత్త చేపతోనో, మొక్కతోనో, తడి వలతోనో వస్తుంది. ప్లాస్టిక్ సంచుల్లో దూరప్రయాణం చేసి అలసిపోయిన చేపకు జబ్బు ఇట్టే అంటుకుంటుంది. చలికాలం రాత్రుళ్లు నీళ్లు ఉన్నట్టుండి చల్లబడినా అంతే. కొత్త చేపల్ని నాలుగువారాలు విడిగా ఉంచి చూడాలి. కొత్త మొక్కల్ని చేపల్లేని బకెట్లో రెండువారాలు ఉంచితే చాలు. వలను వాడాక ఎండలో బాగా ఆరబెట్టాలి.

ఇంట్లో ఓ మూల ఖాళీ తొట్టె ఒకటి పెట్టుకోండి. ఈసారి తెల్లమచ్చ కనిపిస్తే చేయి మందు సీసా మీదికి కాకుండా ఆ తొట్టె మీదికి వెళ్లాలి. పచ్చటి ట్యాంకు పచ్చగానే ఉంటుంది, చేపలూ తిరిగి అందులోకే చేరతాయి!