హానికర పదార్థాల నియంత్రణ నిబంధనలు – చిన్న ఎలక్ట్రానిక్స్ పరిశ్రమలు తెలుసుకోవలసిన అంశాలు

కనగానపల్లి: పట్టుచీరలకు పేరొందిన ధర్మవరం, తూముకుంట పారిశ్రామికవాడ గల హిందూపురం, 2019లో కియా కార్ల కర్మాగారం ప్రారంభమైన పెనుకొండ ప్రాంతాల నడుమ వేరుశనగ సాగుకు అలవాటుపడిన మండలం కనగానపల్లి. 2022 ఏప్రిల్ 4 వరకు అనంతపురం జిల్లాలో అంతర్భాగమైన ఈ మండలం, ఆనాటి పునర్వ్యవస్థీకరణతో శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది. హైదరాబాదు–బెంగళూరు జాతీయ రహదారి ఈ ప్రాంతానికి చేరువలోనే ఉన్నందున, సాంకేతిక విద్యనభ్యసించిన యువత ఇన్వర్టర్లు, విద్యుత్ పరికరాల సర్క్యూట్ బోర్డులు తయారుచేసే చిన్న యూనిట్లను స్థాపించుకొనుటకు ఇక్కడ అవకాశమున్నది. అయితే స్థలం, విద్యుత్తు, బ్యాంకు రుణంతో పాటు వారు మొదటి రోజు నుంచే గమనించవలసిన మరొక అంశమున్నది. అదే పరికరాలలో హానికర పదార్థాల వినియోగంపై గల నియంత్రణ.

నియంత్రణలో ఉన్న ఆరు పదార్థాలు

పర్యావరణ పరిరక్షణ చట్టం, 1986 కింద కేంద్ర ప్రభుత్వం జారీచేసిన ఇ-వ్యర్థాల నిబంధనలు ఆరు పదార్థాలకు హద్దులు విధించాయి. సీసం, పాదరసం, హెక్సావాలెంట్ క్రోమియం, పాలీబ్రోమినేటెడ్ బైఫినైళ్లు, పాలీబ్రోమినేటెడ్ డైఫినైల్ ఈథర్లు బరువులో 0.1 శాతానికి మించరాదు. కాడ్మియం 0.01 శాతానికి మించరాదు. అనగా కిలో పదార్థంలో సీసం ఒక గ్రాము, కాడ్మియం పదోవంతు గ్రాము మాత్రమే ఉండవచ్చును.

ఈ లెక్కను మొత్తం పరికరం బరువుపై గాక, అందులోని ప్రతి సజాతీయ పదార్థంపై విడివిడిగా వేయవలెను. యాంత్రికంగా మరింత విడదీయుటకు వీలులేని పదార్థమే సజాతీయ పదార్థం. ఒక తీగను తీసుకుంటే పైనున్న ప్లాస్టిక్ తొడుగు ఒకటి, లోపలి రాగి మరొకటి. మరమేకు ఒకటి, దానిపై పూత మరొకటి. పరికరం మొత్తం పది కిలోలు తూగినా, ఒక్క మరమేకు పూతలో హద్దు దాటిన కాడ్మియం ఉన్నచో ఆ పరికరం నిబంధనలకు విరుద్ధమైనదే అగును.

నిబంధనల పరిణామం

యూరోపియన్ యూనియన్ 2003లో ఆమోదించిన ఆదేశం 2006 జూలై 1 నుంచి అమలులోకి వచ్చింది. అంతకుముందే 2001లో నెదర్లాండ్స్ అధికారులు దాదాపు 13 లక్షల సోనీ ప్లేస్టేషన్ పరికరాలను నిలిపివేశారు. వాటి తీగలలో అనుమతికి మించిన కాడ్మియం ఉండుటే కారణం. బయటి సరఫరాదారు నుంచి వచ్చిన చిన్న భాగం ఎంత నష్టం తేగలదో ఆనాడు పరిశ్రమలన్నిటికీ తెలిసివచ్చింది.

మన దేశంలో 2011 నాటి ఇ-వ్యర్థాల నిబంధనలు 2012 మే 1 నుంచి, వాటిలోని హానికర పదార్థాల హద్దులు 2014 మే 1 నుంచి అమలయ్యాయి. తదుపరి 2016 నిబంధనలు, వాటి స్థానంలో 2022 నిబంధనలు వచ్చాయి. ప్రస్తుత నిబంధనలు 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్నాయి. మొదటి షెడ్యూలులోని 106 రకాల పరికరాలకు ఇవి వర్తిస్తాయి. కంప్యూటర్లు, సెల్‌ఫోన్లు, టెలివిజన్లు, రిఫ్రిజిరేటర్లు మొదలుకొని సౌర ఫలకాల వరకు ఇందులో ఉన్నాయి. తాము తయారుచేయు వస్తువు ఈ జాబితాలో ఉన్నదో లేదో ప్రతి యూనిట్ ముందుగా సరిచూసుకొనవలెను.

మినహాయింపు ఎవరికి?

2011 నిబంధనలు సూక్ష్మ, చిన్న పరిశ్రమలు రెంటినీ మినహాయించాయి. 2016 నుంచి ఆ మినహాయింపు సూక్ష్మ పరిశ్రమలకే పరిమితమైనది. 2022 నిబంధనలు కూడా దానినే కొనసాగించాయి. 2025 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న నిర్వచనం ప్రకారం యంత్రాలు, పరికరాలపై పెట్టుబడి రెండున్నర కోట్ల రూపాయలకు, వార్షిక టర్నోవరు పది కోట్ల రూపాయలకు మించని సంస్థ సూక్ష్మ పరిశ్రమ. అంతకు మునుపు ఈ పరిమితులు ఒక కోటి, ఐదు కోట్ల రూపాయలుగా ఉండేవి. రెండింటిలో ఏ ఒక్కటి దాటినా ఆ సంస్థ పై తరగతికి చేరును.

అయితే ఈ మినహాయింపుపైనే పూర్తిగా ఆధారపడుట శ్రేయస్కరం కాదు. సూక్ష్మ యూనిట్ తయారుచేసిన బోర్డును కొనుగోలు చేయు పెద్ద సంస్థకు నిబంధనలు వర్తిస్తాయి. కనుక ఆ సంస్థ ధ్రువీకరణ పత్రాన్ని కోరును. పత్రం లేనిదే ఆర్డరు రాదు. ఐరోపాకు ఎగుమతయ్యే వస్తువులకు తయారీదారు చిన్నవాడన్న కారణంతో మినహాయింపు లేదు. పైగా 2019 జూలై 22 నుంచి అక్కడ మరో నాలుగు థాలేట్లు కూడా నియంత్రణలోకి వచ్చాయి. ప్లాస్టిక్ తీగలను మెత్తబరచుటకు వాడే రసాయనాలివి.

తయారీలో రావలసిన మార్పులు

చిన్న యూనిట్లలో ప్రధాన సమస్య సోల్డరింగ్ వద్దనే ఎదురవుతుంది. చిరకాలంగా వాడుకలో ఉన్న సోల్డరులో తగరం 63, సీసం 37 శాతం. అనగా అనుమతించిన హద్దుకు 370 రెట్ల సీసం. ఇది 183 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగును. దానికి బదులుగా వాడే సీసరహిత సోల్డరులో తగరం 96.5, వెండి 3, రాగి 0.5 శాతం ఉండును. ఇది 217 నుంచి 220 డిగ్రీల మధ్య కరుగును. వెండి కలియుటచే ధర పెరుగును. వేడి పెరుగుటచే సోల్డరింగ్ మొనలు త్వరగా అరుగును. బోర్డులు, విడిభాగాలు ఆ వేడిని తట్టుకొనునవై ఉండవలెను.

పాత, కొత్త సోల్డర్లను ఒకే బల్లపై వాడుట మరొక ప్రమాదం. పది కిలోల సీసరహిత సోల్డరు గల పాత్రలో 28 గ్రాముల పాత సోల్డరు కలిసినా సీసం హద్దు దాటిపోవును. కావున రెండింటికీ వేర్వేరు పాత్రలు, వేర్వేరు సోల్డరింగ్ ఐరన్లు, వేర్వేరు బల్లలు ఏర్పాటు చేసుకొనవలెను. సీసరహిత సోల్డరు లభించని కొన్ని ప్రత్యేక వినియోగాలకు రెండవ షెడ్యూలులో మినహాయింపులున్నాయి. 85 శాతం, అంతకు మించి సీసం గల అధిక ఉష్ణోగ్రత సోల్డరు వీటిలో ఒకటి.

పనిచేయువారి ఆరోగ్యానికీ ఈ మార్పుతో సంబంధమున్నది. సోల్డరింగ్ వేడికి సీసం ఆవిరగుట స్వల్పమే. చేతులకు, దుస్తులకు అంటిన సీసమే అన్నంతో కడుపులోకి, తల్లిదండ్రుల ద్వారా ఇంటిలోని పసిపిల్లలకు చేరును. ఎదిగే పిల్లల మెదడుకు సీసం తీరని హాని చేయును. సీసరహిత సోల్డరు వాడినంత మాత్రాన జాగ్రత్తలు విడువరాదు. ఫ్లక్స్ పొగ ఉబ్బసానికి కారణం కాగలదు. గాలి వెలుతురు గల గది, పొగను లాగివేయు పంకా, భోజనానికి ముందు సబ్బుతో చేతులు కడుగుకొనుట తప్పనిసరి.

పరీక్షలు, పత్రాలు

ఎక్స్‌కిరణ ఫ్లోరెసెన్స్ యంత్రంతో సీసం, పాదరసం, కాడ్మియం ఉనికిని కొద్ది నిమిషాలలో ప్రాథమికంగా తెలుసుకొనవచ్చును. కాని ఆ యంత్రం మొత్తం క్రోమియంను, మొత్తం బ్రోమిన్‌ను మాత్రమే చూపును. అది హానికర రూపమా కాదా అన్నది రసాయన పరీక్షతోనే తేలును. హైదరాబాదు చర్లపల్లిలోని కేంద్ర ప్రభుత్వ సంస్థ సి-మెట్‌లో ఇటువంటి పరీక్షల సదుపాయమున్నది. ప్రతి భాగాన్నీ పరీక్షించుట చిన్న యూనిట్లకు భారమగును. కనుక సరఫరాదారు నుంచి ప్రతి భాగానికీ ధ్రువీకరణ పత్రం తీసుకొని, అనుమానమున్న పూతలు, తీగలు, ప్లాస్టిక్‌లను మాత్రమే పరీక్షకు పంపుట మేలు. ఏ సరకు ఏ బ్యాచ్‌లో వాడినదీ నమోదు చేయవలెను. ఐరోపాకు పంపువారు సాంకేతిక పత్రాలను పదేళ్లు భద్రపరచవలెను.

నిబంధనలు వర్తించు తయారీదారులు, సొంత పేరుతో విక్రయించు ఉత్పత్తిదారులు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్‌లో నమోదు కావలెను. హద్దులకు లోబడియున్నట్లు ఉత్పత్తిదారులు వినియోగదారు పుస్తికలో ప్రకటించవలెను. మండలి మార్కెట్ నుంచి నమూనాలు తీసి పరీక్షించును. ఆ ఖర్చు ఉత్పత్తిదారుదే. లోపం తేలినచో సరకును మార్కెట్ నుంచి వెనుకకు తీసుకొనవలసి ఉండును. పర్యావరణ పరిరక్షణ చట్టం కింద 2024 ఏప్రిల్ 1 నుంచి పదివేల నుంచి 15 లక్షల రూపాయల వరకు జరిమానా విధించవచ్చును. చిన్న యూనిట్‌కు జరిమానా కన్నా వెనుకకు వచ్చిన సరకే పెద్ద దెబ్బ. అప్పు తెచ్చి తయారుచేసిన ఒక బ్యాచ్ తిరిగివచ్చినచో కోలుకొనుట కష్టం.

ఉద్యం పోర్టల్‌లో నమోదైన సంస్థలకు జెడ్ ధ్రువీకరణ రుసుములో సూక్ష్మ పరిశ్రమలకు 80 శాతం, చిన్న పరిశ్రమలకు 60 శాతం, మధ్యతరహా పరిశ్రమలకు 50 శాతం రాయితీ లభించును. యూనిట్ స్థాపించదలచినవారు జిల్లా పరిశ్రమల కేంద్రాన్ని సంప్రదించి, యంత్రాలు కొనుటకు ముందే ఈ అంశాలపై అవగాహన పొందవలెను. సోల్డరు మార్చుట యూనిట్ ప్రారంభదశలో సులభం. వందలాది బోర్డులు తయారైన పిమ్మట అది మిక్కిలి ఖర్చుతో కూడిన పని.