బల్లమీద కందకం, పక్కన బుల్లి రైలు

మొదటి ప్రపంచయుద్ధంలో (1914–18) ఫ్రాన్సులోని కందకాల దాపుకు తిండి, మందుగుండు చేరవేసినవి 60 సెంటీమీటర్ల పట్టాలమీది బుల్లి రైళ్ళు. ఆ దృశ్యాన్ని మీరూ తయారు చేయవచ్చు.

కొలతలన్నిటినీ 50తో భాగించండి. పట్టాల మధ్య 12 మిల్లీమీటర్లు. 2 మీటర్ల కందకం లోతు 4 సెంటీమీటర్లు. బల్లను తవ్వలేం కదా! దానిపై 5 సెంటీమీటర్ల మందం థర్మోకోల్ పలక అతికించి, అందులో కందకం కోయండి. తిన్నగా కాదు, వంకరటింకరగా. ఎందుకు? తిన్నని కందకంలో గుండు పేలితే ముక్కలు దూరందాకా దూసుకుపోతాయి. మలుపులో గోడ వాటిని ఆపుతుంది.

అడుగున అగ్గిపుల్లలు పరవండి. బురదలో వేసిన చెక్కబాట అదే. పైన రంపపుపొట్టు అంటించి మట్టిరంగు వేయండి. పచ్చని చెట్లు వద్దు. ఫిరంగులు మోడులనే మిగిల్చాయి.

చివరగా 3.4 సెంటీమీటర్ల సైనికుణ్ణి కందకంలో నిలబెట్టండి. తల గట్టుకు 6 మిల్లీమీటర్లు కిందనే ఉందా? ఆ కాస్త మట్టే అతని ప్రాణానికి అడ్డు!